వంకాయ రంగు దాకా

వాదనలో ఓడిపోవడం నాకు చేతకాదు. ఇంట్లో, బడిలో, చర్చి కమిటీలో అందరికీ తెలిసిన సంగతే ఇది. కానీ నేను గెలిచిన వాదన ఒకటుంది. దాని గురించి ఇంతవరకూ ఎవరి దగ్గరా గొప్ప చెప్పుకోలేదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. గురజాల దగ్గర ఆడపిల్లల బడికి నేను హెడ్‌మిస్ట్రెస్‌ని. వానలకు ముందే వరండాలో నాపరాళ్లు పరిపించాలని పట్టుబట్టాను. మట్టినేల మీద కూర్చుని పిల్లలు వానాకాలమంతా దగ్గేవాళ్లు. రాతికి మా వైపు కొదవ లేదు. నేలలో అట్టలు పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంటుంది. పొర సందు చూసి ఉలి పెట్టి కొడితే పలక లేచొస్తుంది, అడ్డంగా కొడితే ముక్కలవుతుంది. కొదవంతా ఇనుముకే.

రాళ్లు కొట్టే అతనికి నాలుగే ఉలులు. సాయంత్రానికి నాలుగూ మొద్దుబారేవి. పొద్దున్నే ఊళ్లో కమ్మరం చేసే సాయిబు తాత కొలిమికి పోయి సాగదీయించుకుని వచ్చేసరికి సగం పూట గడిచేది. సాగదీసిన కొద్దీ ఉలి అరుగుతుంది. యుద్ధం వల్ల కొత్త ఇనుము దొరకదు. "ఇట్టాగైతే నీ ఉలులు మేకులవుతాయి, నా వరండా వానలో నానుద్ది" అని, అతన్ని వెంటబెట్టుకుని ఒకరోజు నేనే కొలిమికి పోయాను.

నాగలి కర్రులు పట్టుకొచ్చిన రైతులు నలుగురు అక్కడ కూర్చుని ఉన్నారు. తాత ఉలి మొన ఎర్రగా కాల్చి, సాగగొట్టి, మళ్లీ కాల్చి, మొన మట్టుకు నీళ్లలో ముంచి తీశాడు. రాతిముక్కతో రుద్ది మెరిపించాడు. ఇక దాన్ని చూస్తూ కూర్చున్నాడు. వెనకున్న వేడి మొనవైపు దిగుతుంటే ఆ మెరుపు మీద ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత ఇటుక రంగు, ఆ పైన వంకాయ రంగు పాకాయి. అప్పుడు ఉలి మొత్తాన్నీ నీళ్లలో ముంచాడు.

"అదేంది తాతా? చల్లార్చినదాన్ని మళ్లీ వేడెక్కనిచ్చావు?"

"మెత్తబడాలగా పంతులమ్మా."

"రాతిని కొట్టే ఉలి మెత్తబడటమేంది?"

"చానా కాదమ్మా, కూసింత."

అంతే, నాకు ఊపొచ్చింది. మద్రాసులో చదివిన కెమిస్ట్రీ అంతా ఆ కొలిమి ముందు పోశాను. ఇనుములో అణువులు మా బడి ప్రార్థనలో పిల్లల్లా వరసలు కట్టి ఉంటాయనీ, దెబ్బ పడితే ఒక వరస పక్క వరస మీద జరుగుతుందనీ, ఇనుము వంగేది అందుకేననీ చెప్పాను. కాల్చినప్పుడు బొగ్గు అణువులు వరసల మధ్యకు దూరతాయి. ఒక్కసారిగా చల్లారిస్తే బయటికి రాలేక అక్కడే ఇరుక్కుపోతాయి. ఇక ఏ వరసా జరగదు. అదీ గట్టిదనం. "దాన్ని మళ్లీ వేడెక్కనిచ్చి నువ్వే పాడుచేస్తున్నావు. తెలిసి చేస్తున్నావా, మీ తాత చెప్పాడని చేస్తున్నావా?"

"మా తాత చెప్పాడనే."

రైతులు గొల్లుమన్నారు. "పంతులమ్మ నిన్ను బెంచీ ఎక్కించిందిరోయ్ సాయిబూ!" అన్నాడొకడు. తాత నవ్వలేదు. "కూసింతైనా మెత్తబడకుండా కసురుకున్న ఇనుము ఇరుగుద్దమ్మా" అన్నాడు. "కారణం చెప్పు" అన్నాను. మిగిలిన మూడు ఉలులకూ రంగు రానివ్వకుండా, ఎర్రగా ఉన్నప్పుడే నిలువునా ముంచి నా ముందు పెట్టాడు.

రెండు రోజులు ఆ ఉలులు మొద్దుబారలేదు. నేను బడంతా చెప్పుకు తిరిగాను. మూడో రోజు పొద్దున లెక్కల క్లాసులో ఉండగా వరండాలో అరుపు వినపడింది. ఉలి మొన విరిగి చిన్న ముక్క ఎగిరింది. అది రాళ్లు కొట్టే అతని కుడి కంట్లో దిగింది.

నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. సగం చెప్పానంతే. వరసలు జరగకపోతే దెబ్బ ఎక్కడికి పోతుంది? జరిగే చోటుంటే అక్కడ ఇంకిపోతుంది. లేకపోతే పగులై అటునుంచిటు దూసుకుపోతుంది. తాత వంకాయ రంగు దాకా ఆగేది ఇనుములో ఆ చోటు కోసం. ఇది నాకు ఆ రోజు సాయంత్రమే అర్థమైంది. అర్థమై ఏం లాభం?

పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే బస్సులో అతన్ని గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. కన్ను తీసేశారు. అతని భార్య కొలిమి ముందు నిలబడి దుమ్మెత్తి పోసింది. "నీ కొలిమి ఆరిపోను! నీ చేతులు పడిపోను!" తాత తలెత్తలేదు. నా పేరెత్తలేదు. వారం తిరిగేసరికి కర్రులన్నీ పక్కూరి కొలిమికి పోయాయి. ఆ రోజు నవ్విన నలుగురివీ అందులో ఉన్నాయి. వాళ్లకు జరిగింది తెలుసు. నాకూ తెలుసు. పదకొండు రోజులు నోరు విప్పలేదు. ఎవరి మీదికైనా గయ్యిమని లేచే నా నోరే.

పన్నెండో రోజు రాళ్లు కొట్టే అతను ఇంటికొచ్చాడని విని పోయాను. గడప బయటే నిలబడి చెప్పేశాను. "తప్పు సాయిబు తాతది కాదు. వద్దన్నా వినకుండా నేను చేయించాను."

అతను కట్టు లేని కంటితో నావైపు చూశాడు. "తెలుసుగా పంతులమ్మగారూ. నేనూ ఆడనే ఉన్నా."

"మరి మీ ఆవిడకు చెప్పలేదేం?"

"చెబితే మీ మీదికొచ్చుద్ది. బడి పని పోద్ది." కట్టు సర్దుకుంటూ, "సాయిబుతో ఏముంది, మావోడే" అన్నాడు.

ఆమె పొయ్యి దగ్గర అంతా విన్నది. లేచి వచ్చింది. దుమ్ము నా మీద పోస్తుందనుకున్నాను. పొయ్యాలని కోరుకున్నాను కూడా. చీర చెంగుతో పీట తుడిచి, "కూసోండమ్మా" అంది. తాతను అన్నేసి మాటలన్న నోరు నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ పీట మీద కూర్చోలేకపోయాను.

మర్నాడు మిగిలిన ఉలులు తీసుకుని ఆమే కొలిమికి పోయింది. నేనూ పోయాను. ఆ నలుగురిలో ఇద్దరిని ఇంటికెళ్లి పిలిచి మరీ తీసుకుపోయాను. చెప్పాల్సింది వాళ్ల ముందే చెప్పాను. తాత వింటున్నాడో లేదో. కొలిమితిత్తి ఆగలేదు. ఆమె ఉలులు ఆయన ముందు పెట్టి, "మళ్లీ కాల్చు తాతా" అంది. అంతకుమించి క్షమాపణ ఏమీ అడగలేదు.

ఉలి కాలింది. మొన మునిగింది. మెరుపు మీద గడ్డి రంగు వచ్చింది, ఇటుక రంగు వచ్చింది.

"ఇప్పుడు ముంచమంటావా పంతులమ్మా?" అన్నాడు తాత ఉలి మీంచి చూపు తిప్పకుండా.

ఎగతాళో, నిజంగానే అడిగాడో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆయన నా జవాబు కోసం ఆగలేదు. వంకాయ రంగు దాకా ఆగాడు.