పెద్దబాపు దుకాణంలో టెలిఫోన్ బోర్డు

మొన్న బ్యాంకుకు ఫోన్ చేస్తే ఒక ఆడగొంతు తెలుగుకు ఒకటి నొక్కండి, హిందీకి రెండు, ఇంగ్లీషుకు మూడు అంది. మూడు భాషలూ ఎక్కడా తడబడకుండా పలికింది. ముచ్చటేసి, "మంచిగ నేర్చుకున్నవు బిడ్డా, ఏ ఊరు నీది?" అని అడిగాను. జవాబు చెప్పకుండా మళ్లీ ఒకటి నొక్కమంది. పక్కనున్న మనవరాలు కడుపు పట్టుకుని నవ్వి, "అది మనిషి కాదు నానమ్మా, మెషిన్" అంది. పిల్ల నవ్వుకుంటూ వెళ్లిపోయింది గానీ, నేను మాత్రం ఆ పూటంతా సంతోష్‌నగర్‌లోని మా వరండాలో కూర్చుని ఎప్పటివో గొంతులు తలుచుకుంటూ ఉండిపోయాను.

రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యే ముందటి మాట. మాది గౌలిపుర. తెల్లవారకముందే పాలచెంబుల చప్పుడుతో లేచే గల్లీ. నాకు మూడేళ్లప్పుడే బాపు పోతే అమ్మనూ, అన్ననూ, నన్నూ పెద్దబాపే సాకాడు. ఆయనకు ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి, చింతపండు, బెల్లం టోకు వ్యాపారం. కోపిష్టి కాడు, పిసినారీ కాడు. ఏ పనికైనా పదిమందిని సలహా అడిగి, చివరికి పదకొండోవాడు చెప్పింది చేసే రకం. అన్న నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఆడపిల్లకు ఇంక చదువు చాలని ఇంట్లో లొల్లి జరిగిన రోజున, "అది సదువుకుంటది, మీకేంది?" అని అందరి ముందూ నిలబడి నాకు మెట్రిక్ దాకా చదువు దక్కించినవాడు. ఈ సంగతి ముందే చెప్పాలి. చెప్పకపోతే అన్నకు అన్యాయం చేసినదాన్నవుతాను.

దుకాణంలో అప్పటికి ఒకటే ఫోన్, పద్దులు రాసే మున్షీ సాబ్ బల్ల మీద. లెక్కల్లో ఎంత నిదానస్తుడో ఫోన్లో అంత గట్టి మనిషి ఆయన. ఆయన మాట్లాడితే అవతలివాళ్లకు ఫోన్ లేకపోయినా వినబడేది. వ్యాపారం పెరిగింది, గోదాముకూ, పైగదికీ, తూకం దగ్గరికీ కూడా ఫోన్లు పెట్టించమని ఎవరో పెద్దబాపుకు చెప్పారు. రెండు రకాల సామాను వివరాలతో కాగితాలు వచ్చాయి, అన్నీ ఇంగ్లీషులో. చదివి ఏది మంచిదో చెప్పే పని నా మీద పడింది. ఒకటి మీటల పెట్టెలు. ప్రతి బల్ల మీదా ఒకటి ఉంటుంది, ఎవరితో కావాలంటే వాళ్ల మీట నొక్కి మాట్లాడుకోవడమే, మధ్యలో మనిషి అక్కరలేదు. రెండోది పది తీగల బోర్డు. ఫోన్ వస్తే దాని మీద చిన్న రేకు మూత టక్కున కిందికి పడుతుంది. బోర్డు ముందు కూర్చున్న మనిషి పలికి, ఎవరు కావాలో కనుక్కుని, తీగను ఆ రంధ్రంలో గుచ్చి కలపాలి.

వారం రోజులు ఆ కాగితాలు తలగడ కింద పెట్టుకుని ఆలోచించాను. అన్నాల దగ్గర చెప్పాను: "పెట్టెలు పెడితే ఎవరు దగ్గరుంటే వాళ్లె ఎత్తుతరు పెద్దబాపూ. మున్షీ సాబ్‌కు ఉర్దూనే సాఫుగ వస్తది. గోదాం జమేదారుకు తెలుగే. సికింద్రాబాద్ కంపెనీవాళ్లు ఇంగ్లీషుల మాట్లాడితే ఎవరు పలుకుతరు? సామాన్ల ఏమున్నదో కాదు, మన మనుషులకు ఏమొస్తదో సూసి కొనాలె. బోర్డు పెట్టి, మూడు భాషలొచ్చిన మనిషిని కూసోబెడదాం."

"గసొంటి మనిషి యాడ దొరుకుతడు?"

"నేను కూసుంట."

అమ్మ గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. అన్న మాత్రం నవ్వి, "కూసోనియ్యి పెద్దబాపూ, ఎనక గదిల పరదా కట్టిస్తే ఎవ్వరికి కనబడది" అన్నాడు. ఇప్పుడు దాచుకునేదేముంది? ఆ సలహాలో నా స్వార్థమూ ఉంది. బోర్డు పని చేతికొస్తే ఎక్కడైనా నా కాళ్ల మీద నేను నిలబడగలనని లెక్క వేసుకున్నాను.

పని నేర్చుకోవడానికి టెలిఫోన్ దఫ్తరుకు పంపారు. అక్కడి పెద్దామె, మహా కచ్చితమైన క్రైస్తవురాలు, రెండు నెలలు నేర్పి, "ఇక్కడే ఖాళీ ఉంది, చేరతావా?" అంది. ఎగురుకుంటూ ఇంటికొచ్చి చెబితే పెద్దబాపు చిన్నబుచ్చుకున్నాడు. "మనింట్ల బోర్డు వెట్టుకొని బయట నౌకరేంది? అది నీదే బిడ్డా, ఫికర్ చెయ్యకు." పెద్దామెకు రానని చెప్పేశాను.

దుకాణంలో బోర్డు ముందు కూర్చున్న ఆ ఎనిమిది నెలలూ నా జీవితంలో పండగే. పరదా కట్టిన రిక్షాలో మూసీ దాటి వెళ్లేదాన్ని. వెనక గదంతా మిర్చి ఘాటు. తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకున్నా తుమ్ములు ఆగేవి కావు. నేను తుమ్మితే అవతల కంపెనీ ఏజెంటు ఇంగ్లీషులో దీవించేవాడు. ఒకనాడు అన్న వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నాకు గుడ నేర్పు చెల్లె. నీకు జరమొస్తే పని ఆగొద్దు గద." సంబరంగా నేర్పాను. ఇంగ్లీషు మాటలు తెలుగు అక్షరాల్లో నోటుబుక్కు నిండా రాసిచ్చాను. ఏ గొంతు ఏ సేటుది, ఎవరు ఆగమంటే చిరాకుపడతారు, ఎవరిని ముందు కుశలం అడగాలి, అన్నీ.

ఒక సోమవారం రిక్షా రాలేదు. చీర మార్చుకుని గడపలోనే నిలబడి ఉన్నాను. "ఇగ నువ్వు రాకు బిడ్డా, అన్న సూస్కుంటడు" అన్నాడు పెద్దబాపు, నా ముఖం చూడకుండా. బజారు మాటలకు బెదిరాడనుకున్నాను. సాయంత్రం అన్న భుజం మీద పడి ఏడిస్తే, "నేను మాట్లాడుత తియ్యి" అని తల నిమిరాడు. పది రోజులు ఆ మాట పట్టుకుని ఎదురుచూశాను.

పదకొండో రోజున మున్షీ సాబ్ ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "బేటీ, నీకు చెప్పకుంటె నాకు అన్నం పోతలేదు. ఆడపిల్ల గొంతు బజారంత ఇంటున్నది, ఇజ్జత్ పోతదని మీ పెద్దబాపుకు చెప్పింది నీ భాయే. నేను గాడనే ఉన్న." ఆ మనిషి గొంతు అంత నెమ్మదిగా పలకడం అదే మొదటిసారి విన్నాను.

నిలదీస్తే అన్న అబద్ధమాడలేదు. "నువ్వు పెండ్లయి పోతవు. నేను జిందగీ అంత బస్తాలు మోపించుకుంట ఉండాల్నా?" అన్నాడు.

"నన్నడిగితే అయిపోతుండె గద అన్నా."

"అడిగితే ఇస్తుంటివా?"

మర్నాడు అమ్మను తోడు తీసుకుని టెలిఫోన్ దఫ్తరుకు వెళితే నా కుర్చీలో వేరే అమ్మాయి కూర్చుని ఉంది. ఏడాదిన్నర తర్వాత ఇంకొక ఖాళీ వచ్చినప్పుడు పెద్దామె తానే కబురు పంపింది. అలా చేరాను. పెళ్లయినా మానలేదు. అన్నతో రాకపోకలు పెళ్లిళ్లకూ చావులకూ మాత్రమే మిగిలాయి.

అక్కడ పదిమందిమి వరసగా కూర్చునేవాళ్లం. ఒక మధ్యాహ్నం నా ముందున్న బోర్డులో ఉస్మాన్‌గంజ్ దుకాణం లైను మీది రేకు మూత కిందికి పడింది. "జనానా ఆస్పత్రికి కలపండి, జల్దీ. మా ఇంటామెకు కష్టమైతున్నదంట" అన్నాడు ఉర్దూలో. మొదటి ఊపిరికే అన్నను పోల్చుకున్నాను. వదిన నెలతప్పిందని కూడా నాకు తెలియదు. "ఒక్క నిమిషం" అని కలిపాను. అవతల ఆస్పత్రి పలికే లోపు, "శుక్రియా, బహెన్" అన్నాడు. బహెన్ అంటే చెల్లెలనే, కానీ దారినపోయే ఆడవాళ్లనందరినీ పిలిచే మాటే అది. నా గొంతు తెలిసి అన్నాడో, తెలియక అన్నాడో. వదిన బతికింది, పిల్లా దక్కింది. బారసాలకు వెళ్లాను, అడగలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఎదురుపడినా అడగలేదు.

అన్న పోయి చాలా ఏళ్లయింది. నా చదువు కోసం నిలబడ్డవాడూ, నా కుర్చీ లాక్కున్నవాడూ ఒక్కడేనని ఒప్పుకోవడానికి ఇన్ని ఏళ్లూ నాకు చాలలేదు. ఇంకెన్ని మిగిలాయో.