వంకాయకు కురిసిన వాన

మా చెల్లెలు సినిమా తీస్తోందని తెలిసినప్పుడు నేను పెద్దగా ఏమీ అనుకోలేదు. పదేళ్ళుగా హైదరాబాదులో ఆ పనిలోనే ఉంది, తీస్తే తీయనీ అనుకున్నాను. ఏ పుస్తకాన్ని తీస్తోందో తెలిశాక మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు. వాన ఎటు పోయిందో వెతుక్కుంటూ తాత గాడిదతో బయలుదేరిన ఆడపిల్ల కథ అది. మూడు తరాలుగా పిల్లలు చదువుతున్న నవల. అది నా పుస్తకం. రాసింది నేను కాదు, అది వేరే సంగతి.

కోయిలకుంట్ల గ్రంథాలయంలో దానిది ఒకే ఒక్క ప్రతి ఉండేది. ఆరో తరగతిలో దాన్ని ఎన్నిసార్లు ఇంటికి తెచ్చుకున్నానో చెప్పలేను. ఇప్పుడు బద్వేలు హైస్కూల్లో తెలుగు చెప్పుకుని బతుకుతున్నానంటే దాని చలవే. ఏటా ఏడో తరగతి పిల్లలకు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపిస్తాను. చెల్లెలికి అయిదేళ్ళప్పుడు వినిపించిందీ నేనే, అప్పటికి ఆమెకు అ ఆలు కూడా రావు. అలాంటిది పేపర్లో ఆమె ఫొటో, పక్కన ఆ నవల బొమ్మ! సొమ్మొకడిది, సోకొకడిది.

నేను చదివి వినిపించిన ఏడు మా ఊళ్ళో వానలు మొహం చాటేశాయి. ఆడవాళ్ళు కప్పతల్లిని ఎత్తారు. రోకలికి వేపమండల నడుమ బతికున్న కప్పను కట్టి, ఇద్దరు భుజాన మోస్తుంటే మిగిలినవాళ్ళు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంట్లోనూ దాని మీద బిందెడు నీళ్ళు పోసి దండం పెట్టుకోవాలి. మా వాకిట్లోకి వచ్చినప్పుడు చెల్లెలు ఆ కప్పను చూసింది. "అక్కా, అది సచ్చిపోతాది" అని ఒకటే ఏడుపు. ఊరుకోబెట్టడానికి పుస్తకం తెరిచినా మానలేదు.

అప్పుడు పేజీలో లేనిది చదివాను. కథలోని పిల్ల ఒక ఊళ్ళో కప్పతల్లి వెనకాలే నడుస్తుంది. అందరూ మజ్జిగ తాగడానికి ఆగినప్పుడు కప్పను విప్పి తడిగుడ్డలో దాచేసి, దాని చోట ఒక పచ్చ వంకాయ కడుతుంది. వేపాకుల్లో ఎవరికీ తేడా తెలియదు. ఊరు ఊరంతా భక్తిగా వంకాయకు నీళ్ళు పోసి మొక్కుతుంది. ఆఖరి ఇంటి దగ్గరికి వచ్చేసరికి వాన కురుస్తుంది. చెల్లెలు ఏడుపు మాని పడీపడీ నవ్వింది. ఆ తరువాత పుస్తకం తీసినప్పుడల్లా వంకాయ కావాల్సిందే. నేను అక్షరాల కింద వేలు కదుపుతూ, చదువుతున్నట్టే చెప్పేదాన్ని.

కిందటేడు స్క్రిప్టు రాసుకుంటూ ఫోను చేసింది.

"అక్కా, కప్పకు బదులు వంకాయ కట్టేది యాడుండాది? మూడు తూర్లు తిరగేసినా కనపల్లేదు."

నిజం చెప్పడానికే నోరు తెరిచాను. కానీ కడుపులో మంట ముందొచ్చింది. పుస్తకం తీసుకుంది చాలక వంకాయ కూడా కావాలా ఈమెకు?

"అట్లాంటిదేం లేదు మే. నువ్వే కలగన్నింటావు" అన్నాను.

పుస్తకంలో లేదంటే సినిమాలోనూ పెట్టదని నా లెక్క. "ఇంత బాగ కలగంటినా నేను?" అని నవ్వి ఫోను పెట్టేసింది.

మొన్న కడపలో బడిపిల్లల కోసం ఉదయం పూట ఆట వేశారు, చెల్లెలూ వచ్చింది. తప్పులు వెతకడానికే వెళ్ళాను. జొన్నరొట్టె తట్టడం చూశాను, గాడిదకు మూట కట్టడం చూశాను, మాటలు విన్నాను. ఒక్క తప్పూ దొరకలేదు, అదొక బాధ. తరువాత తెర మీదికి కప్పతల్లి వచ్చింది. మజ్జిగ దగ్గర అందరూ ఆగారు. ఆ పిల్ల ఒడిలోంచి వంకాయ తీసింది. హాలంతా పిల్లల నవ్వులే. నేనూ నవ్వాను, నవ్వానని తెలిశాక ఒళ్ళు మండింది.

సినిమా అయ్యాక ఒక పంతులుగారు లేచి, ఆ వంకాయ ఘట్టం నవల్లో ఎక్కడుందని అడిగారు. చెల్లెలు మైకు తీసుకుంది.

"నవల్లో లేదండీ. అది నా సొంత కల్పన."

చప్పట్లు మోగిపోయాయి. ఆమె అబద్ధం చెప్పలేదు. నా మాట నమ్మింది, అంతే.

బయటికి రాగానే చెయ్యి పట్టి పక్కకు లాగాను.

"ఆ వంకాయ నాదే. నువ్వు ఏడుస్తాంటే నేనే కల్పించి చెప్పినా."

"ఫోన్లో లేదంటివి గదా."

"కడుపుమంటతో అట్లంటి."

కోప్పడుతుందనుకున్నాను. ఆమె అలిసిపోయినట్టు నా మొహంలోకి చూసింది.

"అక్కా, నా పదో తరగతి మార్కులు నీ వల్లే అంటివి. నా పెండ్లి నువ్వు కుదిర్చిందే అంటివి. సినిమాల్లోకి నేను పొయ్యిందీ నీ మాట మీదనే అంటివి. ఇదొకటన్నా నాకు ఇడిసిపెట్టు."

ఆ మూడూ నేనన్నవే. మూడూ అబద్ధాలే. నాలుగోది నిజమని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

అంతలో పేపరాయన వచ్చాడు. చెల్లెలు నన్ను ముందుకు లాగి, "మా అక్కండీ. ఈ పుస్తకం నాకు చదివి వినిపించింది ఈమే" అంది. ఆయన పెన్ను తీసి, అయితే మీరే చెప్పాలమ్మా, పుస్తకం కంటే సినిమాలో ఏది బాగుందని అడిగాడు.

"వంకాయ" అన్నాను. "పుస్తకంలో లేదు. మా చెల్లెలు కల్పించింది."

చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు ఆ చెయ్యి విదిలించుకోవాలనే ఉండింది.