గోడ అవతలికి పంపిన మెయిల్

బాగలూరు దగ్గర మా గులాబీల షెడ్డులో ఆఫీసుకూ ప్యాకింగుకూ మధ్య ఒక్క గోడే. రెండింటి మెయిల్ అడ్రసులూ ఒకే సర్వరులో ఉన్నాయి. మాది మూడు భాషలు కలిసే సరిహద్దు. గోడ మీదుగా కేకేసి ఆర్డర్లు చెప్పుకుంటే ఒకసారి పూల రంగులు తారుమారయ్యాయి. అప్పటినుంచి మెయిల్ వస్తేనే పెట్టె కదలాలి.

ఈ రోజు చెన్నై లారీ బయలుదేరే వేళకు ఆఫీసు పంపిన ఆర్డరు ప్యాకింగుకు చేరలేదు. ప్యాకింగు పని చూసే మునెమ్మ పెట్టెలు ఎక్కించనివ్వలేదు. సర్వరు చూసేది నేనే కాబట్టి, ఏ మెయిల్ ఎటు పోయిందో రాసి ఉండే లాగ్ తెరిచాను. ప్యాకింగు అడ్రసు తనలోనే ఉందని తెలియక సర్వరు ఆ మెయిల్‌ను బయటికి పంపేసింది. అది సింగపూరులో వేరే సర్వరు దగ్గర వరుసలో నిలబడి ఉంది.

"ఈ గోడ దాటేదానికి సముద్రం దాటల్నా అప్పా?" అంది మునెమ్మ.

సెట్టింగులో ఒక్క లైను మార్చి మళ్ళీ పంపించాను. నా వేలు మీట మీదనుంచి లేవకముందే ఆమె తెర మీద ఆర్డరు కనబడింది. లారీ వేళకే పోయింది.

తర్వాత సింగపూరు నుంచి మొదటి మెయిల్ కూడా తిరిగి వచ్చింది. మునెమ్మ రెండింటినీ పక్కపక్కన పెట్టి నిదానంగా చదివింది.

"మన పూలు చెన్నై చేరేలోపలే రేకులు రాల్తాయి. ఇది అంత దూరం పోయొచ్చినా ఒక్క అక్షరం రాల్లేదే."

తొమ్మిదేళ్లుగా ఈ పనిలో ఉన్నా నాకిది తట్టలేదు. మీ పక్కగదికి పంపే మెయిల్ ఏ దారిన పోతోందో మీరెప్పుడైనా చూశారా?