గేటు ముందు ఒక్క క్షణం

రావులపాలెం బస్సులో నా వాటర్ స్కీ తగిలి పక్కాయన మొహం చిట్లించాడు. పోటీ దగ్గరపడింది. నేను ఫోనులో నా వీడియోనే చూసుకుంటున్నాను: పడవ వెనక తాడు పట్టుకుని వచ్చి, నీళ్ళలో తేలే రెండు బంతుల గేటు దగ్గరే బోల్తా పడటం.

"గేటు మీదికే ఉరుకుతున్నారు. ముందు పక్కకి జరిగి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు తిరగాలండి," అన్నాడు పక్కాయన, నా ఫోనులోకి తొంగిచూసి.

"మిమ్మల్ని అడిగానా అండి?"

"అయితే పడండి."

రావులపాలెంలో ఇద్దరం అమలాపురం బస్సుకే పరుగెత్తాం. నేను స్కీతో సహా తోపులాటలోకి దూరి తలుపులో ఇరుక్కున్నాను. ఆయన పక్కకి జరిగి, ఆగి, సందు చూసి ఎక్కేశాడు. పక్క సీటులో సంచీ పెట్టుకున్నాడు. నేను ఎలాగో ఎక్కాక, నన్ను చూసి కూడా తియ్యలేదు.

పోటీలో గేటు ముందు ఆ సంచీ గుర్తొచ్చింది. ఒళ్ళు మండి, పక్కకి జరిగి, ఆగి, తిరిగాను. పడలేదు.

ఆయన కనిపిస్తే ఇప్పటికీ పలకరించను.