వీపు కొలత తీసుకుంటూ చెప్పే మాట

మా వైపు నెల తప్పిన సంగతి మూడో నెల దాటేదాకా బయటపెట్టరు, దిష్టి తగులుతుందని. నేనూ అలాగే నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. నాలుగో నెలలో ఆసుపత్రికి వెళ్లి, ఇచ్చిన మాత్రలన్నీ బుద్ధిగా మింగాను. మా అమ్మాయి నడుం దగ్గర నీటిబుడగ లాంటి వాపుతో పుట్టింది. వెన్నెముక పూర్తిగా మూసుకోలేదన్నారు. రెండో రోజే ఆపరేషన్ చేశారు.

"అది మూసుకునేది మొదటి నెలలోనేనమ్మా. ఫోలిక్ యాసిడ్ అప్పటికే ఒంట్లో ఉండాలి. వేసుకున్నా ఒక్కోసారి వస్తుంది గానీ, చాలావరకు ఆపొచ్చు," అన్నారు డాక్టరమ్మ. ఆ రోజు నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఇంత చిన్న మాట ఎవరూ ముందు చెప్పలేదేం? నేను దాచిపెట్టుకు కూర్చుంటే ఎవరు మాత్రం ఏం చెబుతారు!

గవర్నర్‌పేటలో నాది పెళ్లి జాకెట్లు కుట్టే కొట్టు. వీపు కొలతకి టేపు వెన్ను మీద ఆనించినప్పుడు ప్రతి పెళ్లికూతురికీ చెబుతాను. "పిల్లలు కావాలనుకుంటే ముందే డాక్టర్ని అడిగి ఫోలిక్ యాసిడ్ మాత్ర మొదలుపెట్టమ్మా. నెల తప్పాక కాదు." కొందరు సిగ్గుపడతారు, కొందరు ఫోనులో రాసుకుంటారు. చెప్పకుండా మాత్రం నేను కొలత రాయను.

మొన్న కూచిపూడి నుంచి ఒకమ్మాయి మేనత్తను వెంటబెట్టుకుని వచ్చింది. పెళ్లి మాఘంలో. నేను మాత్ర సంగతి, అది లేకపోతే బిడ్డ వెన్నెముకకి రాగల లోపం సంగతి ఎత్తగానే మేనత్త ఇంతెత్తున లేచింది.

"శుభమా అని పెళ్లి పెట్టుకుంటే ఈ అపశకునం మాటలేంటండీ? పదవే, ఇంకోచోట కుట్టించుకుందాం."

బేరం పోతే పోయింది. ఆ పిల్ల వినకుండా వెళ్లిపోతోందే అని నా ప్రాణం కొట్టుకుంది.

మూల కూర్చుని హుక్కులు కుడుతున్న మా అమ్మాయి చంకకర్రలు అందుకుని లేచింది. పన్నెండేళ్లది, నాకంటే గడుసు.

"మా అమ్మ చెప్పేది నా గురించేనండీ. నేను అపశకునాన్ని కాదు, ఏడో తరగతి ఫస్టు. మా అమ్మకి ముందే తెలిసుంటే నాకీ ఆపరేషన్లు తప్పేవేమో. అక్కకి చెప్పనివ్వండి."

మేనత్త స్టూలు మీద కూలబడింది.

"మా కోడలు నెల తప్పి వారమైంది. ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నా," అంది మెల్లగా.

"ఇప్పుడే ఫోన్ చేయండి. ఇంకా కొద్దిరోజులు చేతిలో ఉన్నాయేమో, ఇవాళే డాక్టర్ దగ్గరికి పంపండి," అన్నాను.

ఆవిడ అక్కడే కూర్చుని, కొట్లో అందరూ వింటుండగా, కోడలికి ఫోన్ చేసింది.