ఏనుగుబండ మీద యేసుపాదం

చిలకలూరిపేటలోని నల్లరేగడి పత్తి రైతుల సహకార సమాఖ్యలో యేసుపాదం ఇరవై తొమ్మిదేళ్లు జీపు నడిపాడు. ఆ ఇరవై తొమ్మిదేళ్లలో అతని చక్రం కింద ఒక కోడిపిల్ల కూడా పడలేదని నేను చెబితే అభిమానం కొద్దీ చెబుతున్నానని అనుకుంటారు. కనుక ఆ సంగతి నేను చెప్పను; అతని సర్వీసు రిజిస్టరు చెబుతుంది. ఆ కార్యాలయంలో రికార్డుల గది చాలాకాలం నా అధీనంలో ఉండేది. ఆ రిజిస్టరు నకలుతో పాటు ఈ కథకు సంబంధించిన ప్రతి కాగితం నకలూ నా బీరువాలో ఉంది. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఇంతవరకు ఎవరూ రాలేదు.

అతడు కుర్రతనంలో ఒంగోలు పొగాకు లారీల మీద క్లీనరుగా చేరి, పాతికేళ్లు దాటాక సమాఖ్యకు వచ్చాడు. దారిలో వాగు అడ్డం వస్తే జీపు ఆపి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, అవతలి గట్టు దాకా తానే నడిచి వెళ్లి, తిరిగి వచ్చి అప్పుడు స్టీరింగు పట్టుకునేవాడు. వెనక కూర్చున్న అధికారి విసుక్కుంటే, "రాత్రికి రాత్రి గుంట పడిందేమో చూసొస్తానండి. మీరు పేపరు చదువుకుంటా ఉండండి" అనేవాడు. అధికారులు మారారు, పేపర్ల ధరలు మారాయి, యేసుపాదం మారలేదు.

1999 జూలై నెలాఖరున అతడు పదవీ విరమణ చేయవలసి ఉంది. అతనికి ఇంట్లో కూర్చోవడం చేతకాదు. ఊళ్లో ఒక ప్రైవేటు బడి నడిపే ఉదయశ్రీ గారు తన మూడు బస్సులూ అతనికి అప్పగిస్తానన్నారు. ఒకటే షరతు పెట్టారు: పనిచేసిన చోటి నుంచి అతని డ్రైవింగు ఎలాంటిదో చెప్పే కాగితం ఒకటి తేవాలి. పిల్లల్ని ఎక్కించుకునే బండి కాబట్టి ఆ షరతు న్యాయమైనదే. ఇరవై తొమ్మిదేళ్ల మచ్చలేని రిజిస్టరు ఉన్నవాడికి అటువంటి కాగితం పెద్ద కష్టమేమీ కాదని అతడూ అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. మా ఇద్దరికీ లక్ష్మీకాంత్ గారి అభిరుచులు అప్పటికింకా పూర్తిగా తెలియవు.

లక్ష్మీకాంత్ గారు మా మేనేజింగ్ డైరెక్టరు. పెద్ద చదువులు చదివిన యువకుడు, నగరం నుంచి బదిలీ మీద వచ్చారు. ఆయన బల్ల మీద పత్తి ధరల నివేదికల కింద విదేశీ పత్రికలు ఉండేవి. వాటి నున్నటి పేజీల్లో జీపులు కొండరాళ్ల మీద బల్లుల్లా పాకుతూ కనిపించేవి. రోడ్డు ఉన్న దేశాల్లో రోడ్డు లేనిచోటికి పోవడం ఒక ఆట అని, దానికి క్లబ్బులు, బహుమతులు ఉంటాయని ఆయన నాకు దయతో వివరించారు. మన పల్లెల్లో ఆ ఆటను జనం ఏడాది పొడుగునా బహుమతులు లేకుండానే ఆడుతున్నారని నేను మనవి చేశాను. ఆయనకు అది రుచించలేదు.

ఫిబ్రవరి 21, ఆదివారం. నగరం నుంచి వచ్చిన ఇద్దరు మిత్రులతో ఆయన సమాఖ్య జీపు ఎక్కి, అద్దంకి దారిలోని ఏనుగుబండకు పొమ్మన్నారు. ఏనుగుబండ అంటే చేల మధ్య పడుకున్న బోడి రాతిగుట్ట. దాని పాదం దగ్గర చదునుగా ఉన్నంత మేర చుట్టుపక్కల రైతులు మిరపకాయలు ఎండబోస్తారు. ఆపైన మూడు మెట్లుగా లేచిన నిలువు రాయి, పగుళ్లు, గుండ్లు. ఆ రోజు కాయలకు కాపలాగా నాంచారమ్మ అనే రైతు, ఆమె కోడలు ఉన్నారు. తర్వాత జరిగినది యేసుపాదం సంజాయిషీ నుంచి, నాంచారమ్మ వేలిముద్ర వేసిన వాంగ్మూలం నుంచి రాస్తున్నాను.

"యేసుపాదం, నువ్వు దిగు. ఇక్కడి నుంచి నేను నడుపుతా" అన్నారు లక్ష్మీకాంత్ గారు నల్లద్దాలు పెట్టుకుంటూ.

"అయ్యా, ఇది దారి కాదండి."

"దారి కాదు కాబట్టే వచ్చాం. నువ్వు ముందు నడుస్తూ చేతులతో చూపించు. ఎడమంటే ఎడమ, కుడంటే కుడి."

"కిందికి పొమ్మంటే పోతారాండి?" అని అడిగాడట యేసుపాదం. మిత్రులు నవ్వారు. అతడు నవ్వించడానికి అడగలేదు.

నాంచారమ్మ చేట పక్కన పెట్టి కేకేసింది: "ఓ అయ్యా! ఆ పైకి కోతులు గూడా పోవు. ఏముందని పోతన్నారు?"

"ఇది ఆటమ్మా!" అన్నాడు ఒక మిత్రుడు.

"ఇంతింత మీసాలొచ్చినాక ఆటేంది నాయనా!"

మొదటి మెట్టు దగ్గర యేసుపాదం ఎడమకు చూపితే జీపు కుడికి పోయింది. ఒక పక్క చక్రాలు రెండూ గాలిలోకి లేచాయి. మీసాల మిత్రుడు లేచిన పక్కకు దూకి మోకాలు చెక్కుకున్నాడు. దూకకపోతే రాతికి గుద్దుకుని నలిగిన తలుపుతో పాటు అతనూ నలిగేవాడు. రెండో మెట్టు దగ్గర ఆగమని రెండు చేతులూ ఎత్తితే జీపు ఎగిరి గుండు మీద పడింది. ఇంజను కింది ఆయిల్ చాంబరు పగిలి, రాతి మీద నల్లటి చార పారింది. మూడో మెట్టు ఆయన ఎక్కలేదు. అక్కడ బ్రేకు గొట్టం తెగి, జీపు వచ్చిన దారినే వెనక్కి జారడం మొదలుపెట్టింది. కింద ఎర్రగా పరిచిన కాయల మధ్య నాంచారమ్మ, ఆమె కోడలు నిలబడి ఉన్నారు.

యేసుపాదం పక్కనున్న గుండును రెండు చేతులా ఎత్తి, పరుగెత్తి, వెనక చక్రం కింద తోశాడు. జీపు దాని మీదికి ఎక్కి, పక్కకు తిరిగి, వెనక భాగాన్ని రాతికి కొట్టుకుని ఆగింది. నాంచారమ్మ ఉన్న చోటికి రెండు బారల దూరం. ఆమె కదలలేదు. "కాళ్లు రాలా. వస్తే పరిగెత్తకపోదునా?" అని వాంగ్మూలంలో చెప్పింది.

ఆ జీపును ట్రాక్టరుతో ఈడ్చుకొచ్చారు. మెకానిక్ గౌస్ బాషా దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది యాక్సిడెంటు కాదు సార్, ఎవురో పగబట్టి కొట్టినట్టుంది" అన్నాడు. అతడు రాసిచ్చిన పట్టీలో పగిలిన చాంబరు, తెగిన బ్రేకు గొట్టం, వంగిన ముందు ఇరుసు, విరిగిన కమాను పట్టీలు, ఊడిన సైలెన్సరు, నలిగిన తలుపు, చిట్లిన వెనక రేకు ఉన్నాయి.

మా కార్యాలయంలో ఒక ఆచారం ఉండేది. లాగ్ బుక్కులో కిలోమీటర్లు, ఊరు డ్రైవరు రాయాలి. ప్రయాణ కారణం అధికారి తన చేత్తో రాసి సంతకం చేయాలి. సోమవారం నాడు లక్ష్మీకాంత్ గారు ఏనుగుబండకు ఎదురుగా "పత్తిపై పచ్చపురుగు ఉధృతి పరిశీలన" అని రాశారు. ఫిబ్రవరి నెలాఖరుకు మా ప్రాంతంలో పత్తికట్టె పీకి పొయ్యిలోకి చేరుతుంది. ఏనుగుబండ మీద పత్తి సృష్టి ఆరంభం నుంచీ మొలవలేదు. పత్తి సమాఖ్య అధినేతకు ఈ రెండు సంగతులూ తెలియకపోవడమే నన్ను జీపు విరగడం కంటె ఎక్కువ బాధించింది.

మార్చి పదిహేనున యేసుపాదానికి అభియోగ పత్రం వచ్చింది. ఒకటి: పురుగుల పరిశీలనకు వెళ్తూ అడ్డదారి కోసం రాతి మీదుగా నిర్లక్ష్యంగా జీపు నడిపాడు. రెండు: యాజమాన్యానికి నిజం చెప్పలేదు. మూడు: కదులుతున్న సంస్థ వాహనం కింద ఉద్దేశపూర్వకంగా రాయి వేసి నష్టం కలిగించాడు. జీపు నడుపుతున్న మనిషే పరుగెత్తి వచ్చి అదే జీపు కింద రాయి ఎలా వేశాడన్న సందేహం ఆ పత్రం మీద సంతకం పెట్టిన పాలకవర్గంలో ఒక్కరికీ రాలేదు. నేను రాతపూర్వకంగా అడిగాను. నా ఉత్తరం "ఫైలు చేయడమైనది" అన్న ముద్రతో తిరిగి నా గదికే చేరింది.

విచారణాధికారిగా జయరావు గారిని నియమించారు. సహకార రంగంలో తలపండిన పెద్దమనిషి. ఎవరికీ కోపం రాకుండా నివేదిక రాయడంలో దిట్ట. ఆయన ముందు నాంచారమ్మ నిలబడింది.

"జీపు నడిపింది ఎవరమ్మా?"

"నల్లద్దాలాయన."

"బాగా చూశావా?"

"నా మీదకొచ్చే బండిని చూడకుండా ఇంకేం చూస్తానయ్యా?"

లక్ష్మీకాంత్ గారు తొణకలేదు. మనిషి భయంలో ఉన్నప్పుడు ముఖాలు గుర్తుండవని, ఆ బండ మీద వాహనం దెబ్బతినక తప్పదని, వాహనాన్ని నడపడమే డ్రైవరు వృత్తి గనుక నడిపింది డ్రైవరేనని రెండు పేజీల్లో వాదించారు. అంతవరకు చేతులు కట్టుకుని నిలబడిన యేసుపాదం అప్పుడు నోరు విప్పాడు.

"నేను నడిపితే దెబ్బ తగలదండి."

"ఏమిటయ్యా?" అన్నారు జయరావు గారు.

"బండి బాగుచేసుకొచ్చారు గదండీ. అదే బండి, అదే బండ. తవరు పక్కన కూర్చోండి, ఎక్కించి దించుతాను. గీత పడితే ఆ కాగితం మీద మూడుచోట్లా సంతకం పెడతాను."

జయరావు గారికి ఆ ఆహ్వానం నచ్చలేదు. కానీ లక్ష్మీకాంత్ గారికి ఎంతో నచ్చింది. తాను ఎక్కలేనిది డ్రైవరు ఎక్కించలేడన్న నమ్మకంతో, "తప్పకుండా చూడండి సార్, సత్యం తేలుతుంది" అని పట్టుబట్టారు. విచారణాధికారికి తప్పించుకునే దారి లేకపోయింది.

ఏప్రిల్ 17 ఉదయం, రాయి కాలక ముందే వెళ్లాం. ముందు జయరావు గారు, వెనక నేను. లక్ష్మీకాంత్ గారు కింద నిలబడ్డారు. నాంచారమ్మ ఈసారి కోడల్ని, కాయల్ని ఇంటి దగ్గరే వదిలి వచ్చి దూరంగా గట్టు మీద కూర్చుంది. యేసుపాదం చెప్పులు విడిచి బండంతా ఒంటరిగా ఎక్కి, దిగి వచ్చాడు. రెండు పగుళ్లలో రాళ్లు పేర్చాడు. టైర్లలో కొంత గాలి తీశాడు. ఈ పనికి ముప్పావు గంట పట్టింది. లక్ష్మీకాంత్ గారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు.

తర్వాత అతడు అన్నిటికంటె చిన్న గేరు వేసి బండెక్కించాడు. ముసలి ఎద్దు మెట్లెక్కినట్టు జీపు ఎక్కింది. రెండో మెట్టు మీద ముందు చక్రం ఒకటి పగులు అంచు నుంచి జారి, ముక్కు ఆకాశం వైపు లేచింది. జయరావు గారు నా చేయి పట్టుకోబోయి ఫైలు పట్టుకున్నారు.

"బ్రేకు! బ్రేకు వెయ్యవయ్యా!"

"వేస్తే జారుద్దండి. మాట్లాడకుండా కూర్చోండి" అన్నాడు యేసుపాదం. ఇరవై తొమ్మిదేళ్లలో అతడు ఒక అధికారిని మాట్లాడవద్దనడం అదే మొదలు. అంగుళం వెనక్కి వదిలి, స్టీరింగు కొద్దిగా తిప్పి, మళ్లీ ముందుకు పోనిచ్చాడు. చక్రం తాను పేర్చిన రాళ్ల మీద కూర్చుంది. మూడో మెట్టు కూడా ఎక్కాం. పైన ఇంజను ఆపకుండానే తిప్పి, అంతే నెమ్మదిగా దింపాడు. గౌస్ బాషా జీపు కింద దూరి చూసి, "దుమ్ము తప్ప ఏం లేదండి" అని రాసి సంతకం చేశాడు.

"ఆ రోజే నువ్వు కూకోవాల్సింది గదయ్యా" అంది నాంచారమ్మ.

"దింపేశారు గదమ్మా" అన్నాడతను.

పన్నెండు రోజులకు నివేదిక వచ్చింది. దాని తొమ్మిదో పేరాలో జయరావు గారు నిజం రాశారు: "అభియుక్తుడు ఏనుగుబండ మూడు మెట్లనూ నా సమక్షంలో, నేను వాహనంలో ఉండగా, వాహనానికి గీత పడకుండా ఎక్కించి దించినాడు. ఇంతటి నేర్పు, ఓర్పు గల డ్రైవరును నా ఉద్యోగ జీవితంలో చూడలేదు." నిజం రాసిన వెంటనే ఆయనకు భయం వేసి ఉంటుంది. పదో పేరాలో ఇలా రాశారు: "ఇటువంటి నేర్పు అభ్యాసం లేకుండా రాదు. కాబట్టి ఇతడు గతంలోనూ సంస్థ వాహనాన్ని రాళ్లమీద నడిపి ఉండవచ్చునని భావించవలసి ఉన్నది." జీపు ఎవరు విరిచారన్నది తేలలేదట. మూడు అభియోగాలూ రుజువు కాలేదు. రుజువైంది నాలుగోది, అది అభియోగ పత్రంలోనే లేదు. దానికి శిక్ష మందలింపు. ఇరవై తొమ్మిదేళ్లు తెల్లగా ఉన్న పేజీలో ఎర్రసిరాతో ఆ మాట రాయవలసిన బాధ్యత రికార్డుల గదిది కాబట్టి, అది నా చేత్తోనే రాశాను. కష్టసాధ్యమైన ప్రదేశాల్లో సైతం క్షేత్ర పరిశీలన చేసినందుకు లక్ష్మీకాంత్ గారికి ప్రశంసాపత్రం, ఇంకా పెద్ద సంస్థకు బదిలీ వచ్చాయి.

నేను వారం రోజులు కూర్చుని అప్పీలు రాశాను. లాగ్ బుక్కు పేజీ, పత్తి కాలపట్టిక, నాంచారమ్మ వాంగ్మూలం, అభియోగం లేని నేరానికి శిక్ష చెల్లదన్న నిబంధనలు జతచేస్తే పదకొండు పేజీలయింది. సంతకం పెట్టమని యేసుపాదాన్ని పిలిచాను. అతడు కాగితాలు ముట్టుకోలేదు.

"ఇది గెలుస్తదాండి?"

"గెలవక చస్తుందా? ఆ నివేదిక మొత్తం రద్దవుతుంది."

"మొత్తమంటే తొమ్మిదో పేరా గూడానాండి?"

నివేదిక రద్దయితే అన్ని పేరాలూ రద్దవుతాయని ఒప్పుకోక తప్పలేదు.

"అయితే వద్దండి" అన్నాడు. ముందురోజే ఆ నివేదిక నకలు పట్టుకుని బడికి వెళ్లొచ్చాడట. ఉదయశ్రీ గారు మొదటి నుంచి చివరి దాకా చదివి, తొమ్మిదో పేరా రెండోసారి చదివి, ఒకటే అడిగారట.

"మా పిల్లలుంటే బస్సును అట్లా ఎక్కిస్తారా?"

"ఎక్కియ్యనమ్మా. పిల్లల్ని దించి నడిపించుకుపోతా."

ఆగస్టు ఒకటో తేదీ నుంచి రమ్మన్నారు. ఏ అధికారీ ఇష్టపడి ఇవ్వని యోగ్యతాపత్రాన్ని శిక్ష ఉత్తర్వే ఇచ్చిందని, ఆ శిక్షను కొట్టివేయిస్తే తన చేతిలో ఏమీ మిగలదని అతనికి నాకంటె ముందే తెలిసింది. న్యాయం మాట ఏమిటని నేను కోప్పడ్డాను. అతడు నన్ను సముదాయిస్తూ, తొమ్మిదో పేరా ఉన్న పేజీకి మరో రెండు నకళ్లు ముద్ర వేసి ఇమ్మని అడిగాడు. ఇచ్చాను.