పీనుగులకు కళ్లు తెరిపించే పని

ఎనభైల్లో మాచర్లలో నేను డ్రాయింగ్ మాస్టారిని. బడిలో ఉన్నంతసేపూ పిల్లలకు మామిడికాయలూ కుండలూ గీయడం నేర్పేవాణ్ణి. బడి వదిలాక పీనుగులకు కళ్లు తెరిపించేవాణ్ణి. మొదటి పనికి వచ్చే జీతం నెలాఖరు దాకా ఏనాడూ ఆగలేదు. రెండో పని పుణ్యమా అని మా ఇంట్లోకి టేబుల్ ఫ్యాన్ వచ్చింది, కుట్టుమిషను వచ్చింది, మా ఆవిడ చెవులకు కొత్త దిద్దులు వచ్చాయి. ఊళ్లో ఎవరన్నా పోయారని తెలిస్తే మా ఆవిడ ముందు "అయ్యో పాపం" అనేది, ఆ వెంటనే "ఫోటో తీయించారంటనా?" అనేది. ఆమెను తప్పుపట్టే మొహం నాకు లేదు. అదే మాట నా నాలుక చివర ఆగేది, ఆమెకు ఆగేది కాదు, అంతే తేడా.

ఇప్పటివాళ్లకు ఆ పనేమిటో చెప్పాలి. ఆ రోజుల్లో మా వైపు చాలామంది బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగకుండా పోయేవాళ్లు. ప్రాణం పోయాక ఇంటివాళ్లకు ఆ సంగతి గుర్తొచ్చేది. బస్టాండు పక్కన స్టూడియో నడిపే సాయిబుకి కబురు వెళ్లేది. ఆయన కెమెరా సంచీ భుజాన తగిలించుకుని సైకిలెక్కేవాడు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒరిగిపోకుండా తువ్వాలుతో కుర్చీకి కట్టి, చుట్టూ బంధువుల్ని నిలబెట్టి ఫోటో తీసేవాడు. అందులోంచి పోయిన మనిషిని మాత్రం ఛాతీ దాకా పెద్దది చేసి, లేత ప్రింటు వేసి నా ముందు పెట్టేవాడు. అక్కణ్ణుంచి నా పని. దవడకు కట్టిన గుడ్డనీ ముక్కులో దూదినీ బ్లేడు ముక్కతో గీకేసి, పైన రంగు పూసేవాణ్ణి. అన్నీ అయ్యాక మూసిన రెప్పల మీద కళ్లు వేసేవాణ్ణి. దీన్ని ఫినిషింగ్ అనేవాళ్లం. కళ్లు తెరిపిస్తే రేటు వేరు.

జనం కోరికలు వింటే నవ్వొచ్చేది. జీవితమంతా గోచీ తప్ప ఎరగని ముసలాయనకు కోటూ టైయీ వేయమనేవాళ్లు. బతికున్నన్నాళ్లూ పసుపుకొమ్ము కట్టుకు తిరిగిన అత్తగారికి మెడ నిండా నగలు వేయమని కోడళ్లే వచ్చి అడిగేవాళ్లు. ఒకాయన తండ్రి చేతికి గడియారం కావాలన్నాడు. ఛాతీ దాకే ఉండే ఫోటోలో చెయ్యెక్కడిదయ్యా అంటే, "ఎక్కడో ఒకచోట ఇరికించండి మాస్టారూ" అన్నాడు. బట్టతలకు జుట్టు మొలిపించాను, పళ్లు లేని నోళ్లను మూయించాను, నల్లవాళ్లను చామనఛాయకు తెచ్చాను. ఎవరూ కాదనలేదు. గోడకి కొట్టుకుని, దండేసి, అచ్చం మా నాయనే అని ఏడ్చేవాళ్లు. వాళ్ల నాయన కళ్లు ఎట్లా ఉండేవో నాకేం తెలుసు? నా దగ్గర ఉన్నవి రెండే జతల కళ్లు. మగవాళ్లకు ఒకటి, ఆడవాళ్లకు ఒకటి. పల్నాడులో సగం ఇళ్ల గోడల మీదనుంచి అవే చూస్తుండేవి.

ఆ కళ్లు నాకు మా నాన్న ఇచ్చినవి. మాది దుర్గి. మా వాళ్లు రాతి విగ్రహాలు చెక్కేవాళ్లు. విగ్రహం అంతా అయ్యాక ఆఖరున కన్ను చెక్కుతారు, దానికి కొలత ఉంటుంది, ఆ కొలత వెంట్రుకవాసి తప్పినా ఆ రాయిని గుడికి ఇవ్వరు. నాకు పన్నెండేళ్లప్పుడు ఒక అమ్మవారి కన్ను చెక్కుతూ ఉలి జార్చాను. మూడు నెలల పని. మా నాన్న నన్ను ఒక్క దెబ్బ వేయలేదు. ఆ విగ్రహాన్ని నా చేతనే సుత్తితో పగలగొట్టించాడు. వంకర కన్నంటే పాపం అని ఆ రోజు నా ఎముకల్లోకి ఎక్కింది. రాయి వదిలేసి కుంచె పట్టినా ఆ భయం వదల్లేదు. భయం అని ఇప్పుడు అంటున్నాను, అప్పుడు దాన్ని పనితనం అనుకున్నాను.

ఒక ఏడు వేసవికి ముందు నాపరాళ్ల క్వారీలో పనిచేసే ఒకామె స్టూడియోకి వచ్చింది. చీరంతా రాతి దుమ్ము. పదకొండేళ్ల కూతురు కామెర్లతో పోయి వారం అయిందట. వాళ్ల గుడిసె ముందు సాయిబు తీసిన ఫోటో అప్పటికే నా బల్ల మీద ఉంది. కుర్చీకి పిల్ల చిన్నదైపోయిందని కింద రెండు దిండ్లు వేసి కూర్చోబెట్టారు. ఆ పిల్లకు అంతకుముందు ఇంకో ఫోటో లేదు. ఆమెకు ఇంక పిల్లలెవరూ లేరు.

నేను రంగులు కలుపుకుంటున్నాను. ఆమె సాయిబుకి సగం డబ్బులు ముందుగా ఇచ్చి, బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

"అయ్యా, నా పిల్లకి మెల్లకన్నయ్యా. ఒక కన్ను నన్ను చూస్తా ఉంటే ఇంకోటి పొయ్యి దిక్కు చూసుద్ది. కోపమొస్తే ఇంకా లోపలికి పోద్ది. అట్టా ఎయ్యాలయ్యా."

ఇట్లా ఇట్లా అని తన ముఖం మీద వేలు పెట్టి ఏదో చూపించింది కూడా. నేను తలెత్తలేదు. "సరేలేమ్మా, చూస్తాలే" అన్నాను. ఏడ్చేవాళ్లందరితో అనే మాటే అది. నగలు కావాలన్నవాళ్లను చూశాను, రంగు కావాలన్నవాళ్లను చూశాను, అవిటి కావాలన్న మనిషిని చూడలేదు. దుఃఖంలో మతి చెడి మాట్లాడుతోందనుకున్నాను.

పని మాత్రం ప్రాణం పెట్టి చేశాను. నిజం చెప్తున్నాను, ఆ పిల్ల ముఖం బాగుంది. చిన్న గడ్డం, విశాలమైన నుదురు. ఆడవాళ్లకు వేసే జతనే ఇంకాస్త పెద్దవి చేసి వేశాను. రెండు కళ్లూ ఎదుటి మనిషిని సూటిగా చూసేట్టు కుదిరాయి. ఆ పని చేతినుంచి దిగినప్పుడు నాకు నేనే మురిసిపోయాను. కింద మూలన సంతకం పెట్టుకున్నాను, అది నేను అందరికీ పెట్టేవాణ్ణి కాదు.

ఆమె వచ్చింది. ఫ్రేము కట్టిన బొమ్మను నేనే రెండు చేతులా పట్టుకుని చూపించాను. చాలాసేపు చూసింది. ఏడుస్తుంది, కాళ్లకు దండం పెడుతుంది అని చూస్తున్నాను.

"ఎవురయ్యా ఈ పిల్ల?" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. నీ కూతురేనమ్మా అన్నాను.

"నా కూతురు కాదయ్యా. మూతి దానిదే, నుదురు దానిదే. చూసేది అది కాదు. ఆ కన్ను ఎయ్యమని నీకు చెప్పాగా?"

నాకు ఒళ్లు మండిపోయింది. స్టూడియోలో ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ల ముందు ఒక క్వారీ మనిషి నా పనికి వంక పెట్టడం నేను తట్టుకోలేకపోయాను. "నీ పిల్లకు లేని అందం ఇచ్చాను, దండం పెట్టాల్సింది పోయి పేచీకి వచ్చావా? వంకర కళ్లు వేస్తే రేపు నలుగురూ నాకు బొమ్మ వేయడం చేతకాదంటారు. బతికున్నప్పుడు ఊరంతా మెల్లది మెల్లది అని ఏడిపించింది చాల్లేదా, చచ్చాక గోడ మీద కూడా ఏడిపించాలా?" అన్నాను. ఆ చివరి మాట అంటున్నప్పుడు నా గొంతులో న్యాయం పలికిందనే అనుకున్నాను.

ఆమె అరవలేదు. "ఇప్పుడు ఎవురు ఏడిపించినా దానికి ఇనపడదు గదయ్యా. నేను చూసుకోవటానికి అడిగాను" అంది.

సాయిబు నా పక్కకు వచ్చి చిన్నగా చెప్పాడు. "మాస్టారూ, అరగంట పని. గీకేసి ఆమె అడిగినట్టు వేసి ఇచ్చెయ్యి. మన సొమ్మేం పోయింది?"

అరగంట కూడా కాదు. కనుగుడ్డును పక్కకి జరపడానికి పది నిమిషాలు. నాకు ఆ సంగతి తెలుసు. "దోషం ఉన్న కన్ను నా చేత్తో వేయను. కావాలంటే తీసుకుపొమ్మను, లేకపోతే లేదు" అన్నాను. మా నాన్న రాతికి పెట్టిన కొలతను నేను పదకొండేళ్ల పిల్ల మీద పెట్టాను. విగ్రహానికి తల్లి ఉండదనే తెలివి నాకు ఆ క్షణాన లేదు. ఆమె బొమ్మ తీసుకోకుండానే వెళ్లిపోయింది.

ఫ్రేము కట్టిన సరుకు పారేయడం దేనికని సాయిబు దాన్ని రోడ్డు వైపు అద్దాల బీరువాలో పెట్టాడు. స్టూడియో పనితనానికి మచ్చుగా అన్నమాట. అది నాకు మహా నచ్చింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు దాన్ని చూసి ఆగేవాళ్లు. ఎవరి పిల్లో గానీ ఎంత ముద్దుగా ఉందో అనేవాళ్లు. ఆ బొమ్మ చూసే గురజాల నుంచీ, కారంపూడి నుంచీ కూడా పని వచ్చింది. లోపల కూర్చుని ఆ మాటలు వింటూ, నేను నెగ్గాను అనుకునేవాణ్ణి.

ఆమె వారానికోసారి సరుకులకు ఊళ్లోకి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఆ బీరువా అద్దం ముందు నిలబడేది. లోపలికి వచ్చేది కాదు, ఎవరితోనూ అది నా పిల్ల అనేది కాదు. పక్కన జనం మెచ్చుకుంటుంటే కాస్త జరిగి వాళ్లకు చోటిచ్చేది. మొదట్లో ఆమె ముఖం చిట్లించుకుని చూసేది, ఆ బొమ్మలో ఎక్కడో తప్పిపోయిన మనిషిని వెతుకుతున్నట్టు. వానాకాలం గడిచేసరికి ఆ చిట్లింపు పోయింది. ఊరికే చూసి వెళ్లేది. దారికొచ్చింది అని నేను సాయిబుతో అన్నాను కూడా. ఆయన నవ్వలేదు. "పిలిచి వేసి ఇవ్వు మాస్టారూ, పాపం తగులుద్ది" అన్నాడు. ఆమె వచ్చి అడిగితే అప్పుడు చూద్దామన్నాను.

ఆమె అడగలేదు. ఏడాది తిరిగింది. నాకు సత్తెనపల్లికి బదిలీ అయింది. స్టూడియోలో నా కుంచెలూ రంగులూ సర్దుకుంటున్న సాయంత్రం ఆమె మళ్లీ అద్దం ముందు కనపడింది. ఊరు వదిలిపోయేవాడికి ఉండే ఉదారబుద్ధి ఏదో పుట్టింది నాకు. పోయేముందు ఒక మంచి పని చేసి పోదాం అనిపించింది. బయటికి వెళ్లి పిలిచాను.

"రా అమ్మా. నీ మాటే నెగ్గిందనుకో. మెల్ల పెట్టి ఇస్తాను, పది నిమిషాలు కూర్చో."

ఆమె ముఖం ఒక్కసారిగా విప్పారింది. ఆ తర్వాత ఇన్నేళ్లలో చాలా ముఖాలు చూశాను, అంత ఆశ దేన్లోనూ చూడలేదు. గబగబా వచ్చి బల్లకు ఎదురుగా నేల మీద కూర్చుంది. నేను ఫ్రేములోంచి బొమ్మ ఊడదీశాను. కొత్త బ్లేడు విరిచాను. నల్లరంగు కాస్త తడి చేసుకున్నాను.

"ఏ కన్ను?" అన్నాను.

ఆమె చెయ్యి చటుక్కున లేచింది. తన ఎడమకంటి దాకా వచ్చి ఆగింది. కుడి వైపుకి జరిగింది. మళ్లీ ఎడమకు వచ్చింది.

"నాకు ఎదురుగా కూకుంటే ఇటు... ఉండయ్యా. పొయ్యి ఇటుండేది. అది ఇట్టా కూకునేది..." అంటూ నేల మీద తన గుడిసెను గీసుకుంది. పొయ్యి గీసింది, గడప గీసింది. పిల్ల కూర్చునే చోటు వేలితో తట్టింది. ఆ చోటు వైపు చూసింది. కళ్లు గట్టిగా మూసుకుని చాలాసేపు అట్లాగే ఉంది. నేను బ్లేడు పట్టుకుని ఎదురు చూశాను.

"రావట్లేదయ్యా" అంది. "కళ్లు మూసుకుంటే ఇదే వస్తా ఉంది, ఈ బొమ్మే. రెండు కళ్లతో నన్నే చూస్తా ఉంది."

"మీ ఆయన్ని అడుగు. వాడలో అడుగు. ఎవరికో ఒకరికి గుర్తుండదా?" అన్నాను.

"వాళ్ల నాయన పెందలాడే రాళ్లకు పోయి చీకటి పడ్డాక వచ్చే మనిషి. ఇంక వాడలో వాళ్లా? మెల్లది, మెల్లది అని పిలిచినోళ్లే అందరూ. ఏ కన్నో ఎవుడు చూశాడయ్యా?"

సాయిబు పాత ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టాడు. దిండ్ల మీద కూర్చున్న పిల్ల. రెండు కళ్లూ మూసుకునే ఉంది. దాన్ని ముగ్గురం చూశాం. దాన్లో ఏమీ లేదు. ఆ పిల్ల చూపు ఎటుండేదో తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది, ఏడాదిపాటు వారం వారం అద్దం ముందు నిలబెట్టి నేను ఆ చూపును ఆమె దగ్గరనుంచి తీసేసుకున్నాను. నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది, ఆ సిగ్గులో కూడా ఆమె ఎప్పుడు లేచి వెళుతుందా అనే అనిపించింది.

ఏదో ఒక కన్ను వెయ్యనా అని అడిగాను. ఇంత జరిగాక కూడా ఆ మాట అడగగలిగాను.

ఆమె తల అడ్డంగా ఊపి, చీరకొంగుతో ముఖం తుడుచుకుంది. బల్ల మీద ఉన్న బొమ్మను రెండు చేతులతో తన వైపు తిప్పుకుంది.

"వద్దులే అయ్యా. ఇదే ఇయ్యి. ఈ పిల్ల అలవాటైపోయింది" అంది.

ఫ్రేము మళ్లీ బిగించి ఇచ్చాను. కొంగు ముడి విప్పి మిగతా డబ్బులు ఇచ్చింది, తీసుకున్నాను.